సామాను దగ్గర నిలిచినవాడు

2006 జూలై 9వ తేదీ రాత్రి బెర్లిన్ నగరంలోని ఒలింపిక్ స్టేడియంలో ఫ్రాన్స్, ఇటలీ జట్లు ప్రపంచకప్ ఫుట్‌బాల్ ఫైనల్ ఆడాయి. ఆ రాత్రిని లోకం ఒకే ఒక దృశ్యంగా గుర్తుంచుకొంది. ఫ్రాన్స్ కెప్టెన్ జిదాన్ ఇటలీ ఆటగాడు మాటెరాజీ రొమ్ము మీద తలతో కుమ్మాడు. ఎర్రకార్డు చూశాడు. తల దించుకొని, బల్ల మీద ఉంచిన కప్పు పక్కనుంచే నడిచి లోపలికి వెళ్ళిపోయాడు. ఆట 1-1తో ముగిసి, పెనాల్టీలలో ఇటలీ 5-3తో గెలిచింది. కోట్లాది కళ్ళు జిదాన్ వెంట తిరుగుతున్న ఆ వేళ, మైదానం అంచున ఫ్రాన్స్ బెంచీ మీద 8వ నంబరు ఆటగాడు ఒకడు కూర్చుని ఉన్నాడు. ఆ రాత్రి అతణ్ణి ఎవరూ లేవమనలేదు. అతడి పేరు వికాష్ ధొరాసూ. అతడి పూర్వికులు తెలుగువారు.

ఇంతకీ ఈ ఫ్రాన్స్ సంగతి ఈ పేజీకి ఎలా వచ్చిందో చెప్పాలి. అడ్డతీగలలో యవ్వనస్థుల కూడికకు మేము వెళ్ళినప్పుడు మధ్యాహ్న భోజనం అయ్యాక పిల్లలు బయట ఆటకు దిగారు. వాళ్ళ దగ్గర ఉన్నది వాలీబాల్. దానితోనే ఫుట్‌బాల్ ఆడుతున్నారు. రెండేసి రాళ్ళు పెట్టి గోల్‌పోస్టు అన్నారు. అలసి వచ్చి నీళ్ళు తాగుతూ ఒక కుర్రవాడు మమ్మల్ని అడిగాడు: "అయ్యగారూ, టీవీలో వరల్డ్ కప్ అంటారు గదండీ, అందులో మనోళ్ళెవరైనా ఆడారా అండీ?"

వెంటనే "లేదు బాబూ" అనేయవచ్చు. భారత జట్టు ఇంతవరకు ప్రపంచకప్‌లో ఆడలేదు. 1950లో బ్రెజిల్‌లో జరిగిన పోటీలకు అవకాశం వచ్చినా మన జట్టు వెళ్ళలేదు. ఆ తరువాత అర్హతే దక్కలేదు. కానీ ఆ కుర్రవాడు "ఇండియా ఆడిందా" అని అడగలేదు, "మనోళ్ళు" అన్నాడు. మనవాళ్ళు అంటే ఎవరు? ఆ ప్రశ్నకు జవాబు వెదుకుతూ పోతే అడ్డతీగల నుంచి కోరంగికి, కోరంగి నుంచి మారిషస్‌కు, అక్కడి నుంచి ఫ్రాన్స్‌లో ఒక రేవు పట్టణానికి వెళ్ళవలసి వచ్చింది.

అడ్డతీగలలో కొండ దిగి, ఏలేశ్వరం మీదుగా కాకినాడ చేరి, అక్కడి నుంచి యానాం రోడ్డు పట్టుకొంటే కోరంగి వస్తుంది. ఇప్పుడు అక్కడ మడ అడవులు చూడటానికి జనం వెళుతుంటారు. ఒకప్పుడు అది ఓడల రేవు. 1839లో వచ్చిన పెనుతుఫాను దాన్ని దాదాపు తుడిచిపెట్టేసింది. ఈ తీరం నుంచి చెరకు తోటల పనికి సముద్రం దాటి వెళ్ళిన తెలుగువారు ఎందరో. 1828లోనే యానాం నుంచి కొందరు తెలుగు కూలీలను ఫ్రెంచివారి రీయూనియన్ దీవికి తీసుకుపోయారు. మారిషస్‌లో తెలుగువారిని చాలాకాలం "కోరంగి" అనే పిలిచారు. ఊరి పేరే జాతి పేరై కూర్చుంది. బయలుదేరిన రేవు మట్టిలో కలిసిపోయినా, దాని పేరు మాత్రం సముద్రం అవతల మనుషుల మీద మిగిలింది.

కొండల్లో ఉండేవారికి ఇంకో సంగతి చెప్పాలి. బ్రిటిష్ పాలనలో బానిసత్వం రద్దయ్యాక, ఒప్పంద కూలీలుగా మారిషస్‌లో దిగిన మొదటి జట్టు 1834 నవంబరు 2న "అట్లాస్" అనే ఓడలో కలకత్తా నుంచి చేరింది. వారు 36 మంది. వారు మైదానపు రైతులు కారు. చోటానాగ్‌పూర్ ప్రాంతపు కొండజాతులవారు. దొరల కాగితాల్లో వారిని "హిల్ కూలీలు" అని రాసుకొన్నారు. అయిదేళ్ళ ఒప్పందం, నెలకు అయిదు రూపాయల జీతం. ఆ తరువాత ఎనభై ఏళ్ళలో మరి నాలుగున్నర లక్షల మంది భారతీయులు అదే దారిన వెళ్ళారు. వారు దిగిన మెట్లు పోర్ట్ లూయిస్‌లో ఇప్పటికీ ఉన్నాయి. "ఆప్రవాసి ఘాట్" అని దానికి పేరు. 2006లో, అంటే ధొరాసూ బెర్లిన్ బెంచీ మీద కూర్చున్న సంవత్సరంలోనే, యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది.

అలా వెళ్ళినవారు అక్కడే పాతుకుపోయారు. ఇంట్లో తెలుగు, తోటలో క్రియోల్, బడిలో ఫ్రెంచి, కచేరీలో ఇంగ్లీషు. రెండు మూడు తరాలు గడిచేసరికి ఇంట్లోని తెలుగు పలచబడింది. అయినా ఉగాదికి ఆ దేశంలో సెలవు ఉంది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. కూలీల పేర్లు రాసుకొన్న గుమాస్తాలు తమ చెవికి ఎలా వినబడితే అలా రాశారు కాబట్టి మన పేర్లు అక్కడ వింత రూపాలు పొందాయి. ధొరాసూ అన్న పేరు చదివినప్పుడు మన్యంలో ఎవరికైనా "దొర" అన్న మాటే ముందు వినబడుతుంది. అది నిజంగా ఎక్కడి నుంచి వచ్చిందో మేము నిర్ణయించబోము. కొండదొర, కోయదొర అని పిలుచుకొనే మనుషుల మధ్య కూర్చుని ఆ పేరు పలికితే మాత్రం అది పరాయి పేరులా తోచలేదు.

1968లో మారిషస్‌కు స్వాతంత్ర్యం వచ్చింది. ఆ రోజుల్లో చాలా కుటుంబాలు పనికోసం ఐరోపాకు తరలివెళ్ళాయి. వికాష్ 1973 అక్టోబరు 10న ఫ్రాన్స్ ఉత్తర తీరంలోని హార్‌ఫ్లర్‌లో పుట్టాడు. పక్కనే లె హావ్ర్ రేవు పట్టణం. ముత్తాతలు ఒక రేవులో ఓడ ఎక్కితే, మునిమనుమడు మరో రేవులో బంతి తన్నడం నేర్చుకొన్నాడు. 1993లో లె హావ్ర్ క్లబ్బు తరఫున వృత్తి ఆటగాడు అయ్యాడు. 1998లో లియోన్ క్లబ్బు అతణ్ణి తీసుకొంది. మధ్యలో ఒక ఏడాది బోర్డోకు అరువు వెళ్ళి, 2002లో వారితో లీగ్ కప్ గెలిచాడు. తిరిగి వచ్చి 2003, 2004లలో లియోన్ ఫ్రాన్స్ చాంపియన్ అయినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. ఫ్రాన్స్ జాతీయ జట్టుకు 1999లో మొదటిసారి ఆడాడు.

అతడు స్వభావరీత్యా మిడ్‌ఫీల్డర్. బంతిని దగ్గర పెట్టుకొని, నిదానంగా చూసి, చిన్న చిన్న పాస్‌లతో దారి తీసే మనిషి. వింగర్ పని వేరు. వింగర్ గీత వెంబడి ఉంటాడు. బంతి తన వైపు వచ్చేదాకా కాచుకొంటాడు, వచ్చాక ఒక్క పరుగున మూల దాకా పోయి లోపలికి కొడతాడు. ఒక ఆటలో చాలాసేపు వింగర్ ఎదురుచూస్తూనే ఉంటాడు. మేము ఈ తేడా చెప్పడానికి కారణం ఉంది. 2006 ప్రపంచకప్‌లో ధొరాసూ రెండుసార్లు మైదానంలోకి దిగాడు. రెండుసార్లూ వింగర్ల స్థానంలోనే. జూన్ 13న స్టుట్‌గార్ట్‌లో స్విట్జర్లాండ్ మీద విల్టోర్డ్‌కు బదులుగా దిగాడు. జూన్ 18న లైప్‌జిగ్‌లో దక్షిణ కొరియా మీద మలూదాకు బదులుగా దిగాడు. ఒకటి 0-0, రెండోది 1-1. రెండుసార్లూ చివరి నిమిషాలే. ఆ తరువాత టోగో, స్పెయిన్, బ్రెజిల్, పోర్చుగల్, చివరికి ఇటలీ. అయిదు ఆటలు బెంచీ మీదే.

అతడు అంత చేతకానివాడా? లెక్కలు చూడండి. అదే సంవత్సరం ఏప్రిల్ 29న ఫ్రెంచ్ కప్ ఫైనల్ జరిగింది. పారిస్ జట్టు, దాని చిరకాల ప్రత్యర్థి మార్సెయ్. ధొరాసూ దూరం నుంచి కొట్టిన బంతి నేరుగా గోల్‌లో పడింది. పారిస్ 2-1తో కప్పు గెలిచింది. అంటే ప్రపంచకప్‌కు ఆరు వారాల ముందు అతడు మంచి ఊపు మీద ఉన్నాడు.

మరి ఏమైంది? అంతకుముందు ఏడాది వేసవి దాకా ఫ్రాన్స్ జట్టు కష్టాల్లో ఉంది. జిదాన్, మకెలెలె, తురాం ముగ్గురూ 2004 యూరో పోటీల తరువాత జాతీయ జట్టుకు సెలవు చెప్పారు. కోచ్ రేమండ్ డొమెనెక్ కొత్తవారితో నెట్టుకొస్తూ ధొరాసూను పిలిచాడు, ఆడించాడు. డొమెనెక్ 1993 నుంచి 2004 వరకు ఫ్రాన్స్ 21 ఏళ్ళలోపు జట్టుకు శిక్షకుడు. కుర్రతనం నాటినుంచి ధొరాసూను ఎరిగినవాడు. 2005 ఆగస్టులో ఆ ముగ్గురూ మనసు మార్చుకొని తిరిగి వచ్చారు. మధ్యలో వియెరా, మకెలెలె నిలబడ్డారు. వారి ముందు జిదాన్. ఎడమ మలూదా. కుడివైపు ఇంకా ఖాళీ ఉందనుకొనేంతలో ఫ్రాంక్ రిబెరీ అనే 23 ఏళ్ళ కుర్రవాడు ఉరుములా వచ్చి పడ్డాడు. ఇల్లు కట్టేటప్పుడు మోసినవాడికి గృహప్రవేశం నాడు గది లేదు. అలాగని కోచ్‌ను తప్పుపట్టడం కష్టం. ఆ జట్టు ఫైనల్ దాకా వెళ్ళింది. గెలుస్తున్న జట్టును ఎవరు మారుస్తారు?

ఈ బాధ ధొరాసూకు కొత్త కాదు. 2004-05లో అతడు ఇటలీలోని ఎ.సి. మిలాన్‌లో ఉన్నాడు. 2005 మే 25న ఇస్తాంబుల్‌లో చాంపియన్స్ లీగ్ ఫైనల్. మిలాన్ మొదటి సగంలో 3-0తో ముందుండి, లివర్‌పూల్ చేతిలో పెనాల్టీలలో ఓడింది. ఆ రాత్రి కూడా ధొరాసూ బెంచీ మీదే ఉన్నాడు. పద్నాలుగు నెలలు తిరక్కుండానే లోకంలోని రెండు పెద్ద ఫైనల్‌లు. రెండింటిలోనూ తన జట్టే పెనాల్టీలలో ఓడింది. రెండూ అతడు కూర్చునే చూశాడు.

బెంచీ మీద కూర్చున్న ఆటగాళ్ళు మాట్లాడరు. మాట్లాడకూడదన్నది ఆ లోకపు అలవాటు. జట్టు గెలిస్తే నవ్వాలి, అడిగితే "జట్టే ముఖ్యం" అనాలి. ధొరాసూ అలా చేయలేదు. ఫ్రెడ్ పూలే అనే కళాకారుడు ఇచ్చిన చిన్న సూపర్-8 కెమెరా ఒకటి జర్మనీకి పట్టుకుపోయాడు. హోటల్ గది, వసారా, బస్సు కిటికీ, తన ముఖం, తన ఎదురుచూపు, అన్నీ తీశాడు. అది 2007లో "సబ్‌స్టిట్యూట్" అనే సినిమాగా విడుదలైంది. అందులో పెద్ద ఆటల గోల్స్ కనబడతాయనుకొని వెళ్ళినవారు నిరాశపడ్డారు. పిలుపు వస్తుందని కాచుకొని, రాక, రోజురోజుకూ కుంగిపోయే ఒక మనిషి అందులో కనబడతాడు. జీవితంలో అందరికన్నా గొప్ప స్థానంలో ఉన్నాడని లోకం అనుకొంటున్నప్పుడు ఆ మనిషి తన గదిలో ఒంటరిగా బాధపడుతున్నాడు.

ఇది సరైన పనేనా? మా మధ్య ఈ విషయంలో వాదం నడిచింది. లోపలి మాట బయట పెట్టడం తోటివారి పట్ల ద్రోహం అన్నారు కొందరు. 22 మంది సహచరులు కప్పుకోసం ప్రాణం పెట్టి ఆడుతుంటే తన గోడు తీసుకొని కూర్చోవడం చిన్నతనం అన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కానీ మాకు ఇంకోటి కూడా తోచింది. బాధపడుతున్నవాడు బాధగా ఉందని చెప్తే మనం ఎందుకు అంతగా ఇబ్బంది పడతాం? దావీదు కీర్తనల్లో సగం ఫిర్యాదులే. ఎంతకాలం, ఎందుకు మరచిపోయావు అని దేవుణ్ణే నిలదీసిన మాటలు మన ఆరాధనలో చదువుకొంటాం. మనిషి ఒకడు కోచ్‌ను అదే అడిగితే మాత్రం సణుగుడు అంటాం. మాకు ధొరాసూ అంతటా ఒప్పు అనిపించలేదు. కానీ ఆ సినిమా అబద్ధమాడలేదు.

అడ్డతీగలలో ఆ మధ్యాహ్నం ఆటకు జట్లు కట్టినప్పుడు జరిగిందీ చెప్పాలి. ఇద్దరు పెద్ద కుర్రవాళ్ళు నాయకులై ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుచుకొన్నారు. చివరికి ఒక పిల్లవాడు మిగిలాడు. బేసి సంఖ్య మరి. "నువ్వు చెప్పులు చూసుకో" అన్నారు. వాడు అందరి చెప్పులూ ఒక చోట పేర్చి, వాటి పక్కన గొంతుకూర్చున్నాడు. వాడి గురించి అక్కడి పెద్దమ్మ ఒకామె మాకు చెప్పింది. వాళ్ళమ్మ కొండరెడ్డి, నాన్న కింద నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాడట. బడిలో కొండవాళ్ళ పిల్లలు వాణ్ణి కిందోడు అంటారు. నాన్న ఊరికి వెళితే అక్కడివాళ్ళు కొండోడు అంటారు. కుల ధ్రువీకరణ పత్రం కోసం తల్లి ఎన్నోసార్లు తిరిగిందట.

ఏజెన్సీలో ఇలాంటి ఇళ్ళు తక్కువేమీ కాదు. తండ్రి గిరిజనేతరుడైతే బిడ్డ కూడా అంతేనని చాలాకాలం చూసినవారు ఉన్నారు. 2012లో రమేష్‌భాయ్ దభాయ్ నాయికా కేసులో సుప్రీంకోర్టు అది అంత తేలిక సూత్రం కాదని చెప్పింది. తండ్రి కులమే బిడ్డకు వస్తుందన్న ఊహ ఉన్నా అది తిరుగులేనిది కాదు. తల్లి జాతివారి మధ్య పెరిగి, వారి కష్టాలే పడి, వారిలో ఒకడిగా చూడబడిన బిడ్డ ఆ సంగతి రుజువు చేసుకోవచ్చు. ఆ తీర్పు సంగతి ఆ తల్లికి చెప్పమని పెద్దమ్మతో అన్నాం. చదువరుల్లో అలాంటి కుటుంబాలను ఎరిగినవారుంటే వారికీ చెప్పండి. ఒక మంచి వకీలును కలిస్తే దారి తెలుస్తుంది.

అపొస్తలుల కాలంలోనూ ఈ చిక్కు ఉంది. తిమోతి తల్లి యూదురాలు, తండ్రి గ్రీసు దేశస్థుడు. అందరూ ఆ సంగతి ఎరుగుదురని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ప్రత్యేకంగా చెప్పారు. ఎరిగి ఊరుకోలేదు కాబట్టే పౌలు కూడా ఒక ఏర్పాటు చేయవలసి వచ్చింది.

ధొరాసూ ఉన్న ఫ్రాన్స్ జట్టు నిండా అలాంటివారే. జిదాన్ తల్లిదండ్రులు అల్జీరియా నుంచి వచ్చినవారు. వియెరా సెనెగల్‌లోని డకార్‌లో, మకెలెలె కాంగోలోని కిన్షాసాలో పుట్టారు. తురాం గ్వాడెలూప్ దీవివాడు. మలూదా ఫ్రెంచ్ గయానావాడు. ట్రెజిగే తండ్రి అర్జెంటీనా ఆటగాడు. 2006 జూన్‌లో ఫ్రాన్స్ రాజకీయ నాయకుడు జాన్-మరీ లె పెన్ ఈ జట్టులో నల్లవారు మరీ ఎక్కువయ్యారని బహిరంగంగా అన్నాడు. ఫ్రాన్స్‌లో నల్లవారూ, తెల్లవారూ, గోధుమరంగువారూ అందరూ ఫ్రెంచివారేనన్న సంగతి ఆయనకు తెలిసినట్టు లేదని తురాం జవాబు చెప్పాడు. చెప్పి, ఆడి, జట్టును ఫైనల్‌కు చేర్చాడు. ఆ రంగుల జట్టులో భారత మూలాలున్నవాడు ఒక్క ధొరాసూ. అతడికి అక్కడ దొరికిన చోటు బెంచీ.

మన దగ్గర వింగర్లు లేరా అంటే, ఉన్నారు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో తమిళ తల్లిదండ్రులకు పుట్టిన తులసీదాస్ బలరాం ఎడమవైపు ఆడేవారు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఇంకో భాష. హైదరాబాద్ గురువు సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోల్ కొట్టారు. ఆ పోటీల్లోనే మన జట్టు ఫ్రాన్స్‌తో 1-1గా సమానంగా నిలిచింది. 1962లో ఆసియా క్రీడల స్వర్ణం, అదే ఏడాది అర్జున అవార్డు. అనారోగ్యం వల్ల 27 ఏళ్ళు నిండీ నిండకముందే ఆట మానేశారు. 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశారు. ఆయన కాలంలో ఆటగాడికి బతుకుతెరువు ఆటలో లేదు, ఉద్యోగంలో ఉంది. ఇక ఈనాటి సంగతి. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన లంబాడీ అమ్మాయి గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకు వింగర్‌గా ఆడుతోంది. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బు ఆమెను తీసుకొంది. ఆ మాట చెప్పినప్పుడు అడ్డతీగల ఆడపిల్లలు నమ్మలేదు. ఫోన్‌లో ఆమె ఫొటో చూపించవలసి వచ్చింది.

మళ్ళీ బెంచీ సంగతికి వద్దాం. సమూయేలు మొదటి గ్రంథం 30వ అధ్యాయంలో ఒక వాగు ఉంది, బెసోరు వాగు. అమాలేకీయులు సిక్లగును కాల్చి కుటుంబాలను చెరపట్టుకుపోతే దావీదు 600 మందితో వెంటపడ్డాడు. వాగు దగ్గరకు వచ్చేసరికి 200 మంది ఇక నడవలేక ఆగిపోయారు. 400 మంది వెళ్ళి యుద్ధం చేసి అంతా విడిపించుకొని వచ్చారు. యుద్ధం చేసినవారిలో కొందరు, వాగు దగ్గర ఆగినవారికి కొల్లసొమ్ములో పాలు లేదన్నారు. దావీదు ఒప్పుకోలేదు. యుద్ధానికి పోయినవారికీ, సామాను దగ్గర నిలిచినవారికీ సమానంగా పంచాడు. అది ఇశ్రాయేలులో కట్టడ అయింది.

ఫుట్‌బాల్ లోకానికి ఈ కట్టడ రావడానికి చాలాకాలం పట్టింది. 1974 దాకా ప్రపంచకప్ గెలిస్తే ఫైనల్ చివరికి మైదానంలో ఉన్న 11 మందికే పతకాలు. 1966లో ఇంగ్లండ్ గెలిచినప్పుడు జిమ్మీ గ్రీవ్స్ అనే గొప్ప ఆటగాడు కాలి గాయంతో మధ్యలో జట్టుకు దూరమయ్యాడు. కోలుకొన్నా ఫైనల్‌లో అతణ్ణి దించలేదు. బెంచీ పక్కన నిలబడి చూశాడు, పతకం రాలేదు. 2007లో ఫిఫా మనసు మార్చుకొని పాత జట్లలో మిగిలిన సభ్యులందరికీ పతకాలు ఇస్తామంది. 2009 జూన్‌లో, 43 ఏళ్ళ తరువాత, గ్రీవ్స్ తన పతకం అందుకొన్నాడు. అప్పటికి అతడికి 69 ఏళ్ళు.

బెర్లిన్‌లో ధొరాసూ అంతకాలం ఆగవలసిన అవసరం లేకపోయింది. 23 మందికీ వెండి పతకాలు ఇచ్చారు. అయితే పతకం ఇచ్చినంత మాత్రాన మనసు కుదుటపడుతుందని చెప్పలేం. ప్రపంచకప్ నుంచి తిరిగొచ్చాక పారిస్ జట్టు కోచ్ గై లకోంబ్‌తో అతడికి పడలేదు. పత్రికలో ఆ అసంతృప్తి వెళ్ళగక్కాడు. 2006 అక్టోబరులో క్లబ్బు అతణ్ణి తొలగించింది. ఒక క్లబ్బు ఆటగాణ్ణి ఇలా పంపేయడం ఫ్రాన్స్ ఫుట్‌బాల్‌లో విని ఎరుగని సంగతిగా అప్పట్లో చెప్పుకొన్నారు. ఏప్రిల్‌లో కప్పు గెలిపించిన గోల్ కొట్టినవాడు, జూలైలో ప్రపంచకప్ ఫైనల్ బెంచీ మీద ఉన్నవాడు, అక్టోబరుకల్లా పని లేనివాడు. 2007లో ఇటలీలోని లివోర్నో క్లబ్బులో చేరాడు. ఒక్క లీగు ఆట కూడా ఆడకుండానే బయటికొచ్చాడు. 2008 మొదట్లో ఆటకు వీడ్కోలు చెప్పాడు. అప్పటికి 34 ఏళ్ళు.

తరువాతి సంగతి మన చదువరుల్లో కొందరికి రుచించకపోవచ్చు. అతడు వృత్తిగా పేకాట ఆడాడు. పోకర్ అంటారు. దాచిపెట్టి చెప్పడం మాకు ఇష్టం లేదు. మేము రాస్తున్నది సాక్ష్యం కాదు, ఒక ఆటగాడి జీవితం. దాన్ని సాక్ష్యంగా దిద్దితే అది అతడి జీవితం కాకుండా పోతుంది. ఆ పేకాటతో పాటే ఇంకొన్ని పనులూ చేశాడు. డబ్బు చుట్టూ తిరుగుతున్న ఆటను మళ్ళీ మామూలు జనానికి దగ్గర చేయాలని "తతాన్" అనే ఉద్యమం మొదలుపెట్టినవారిలో ఒకడయ్యాడు. ఆటలో వివక్ష మీద మాట్లాడాడు. 2020లో పారిస్ నగరపాలక ఎన్నికల్లో వామపక్షం తరఫున నిలబడ్డాడు. ఊరుకోవడం అతడికి రాని విద్య అనిపిస్తుంది. ఎనిమిదో నంబరు బెంచీ మీద కూడా ఊరుకోలేదు కదా.

ఫ్రాన్స్‌కు అతడు 18 ఆటలు ఆడాడు. ఒకే ఒక్క గోల్ కొట్టాడు. అది 2005 అక్టోబరు 12న, పారిస్ పక్కన సెయింట్-డెనిస్ స్టేడియంలో, సైప్రస్ మీద. జర్మనీకి నేరుగా వెళ్ళాలంటే ఫ్రాన్స్ ఆ రాత్రి గెలిచి తీరాలి. జిదాన్ ఒకటి, విల్టోర్డ్ ఒకటి, మొదటి సగం ముగిసేముందు ధొరాసూ ఒకటి, చివరిలో జ్యూలీ ఒకటి. 4-0. అదే రాత్రి డబ్లిన్‌లో ఐర్లండ్, స్విట్జర్లాండ్ 0-0గా ముగించడంతో ఫ్రాన్స్ గ్రూపులో మొదటి స్థానంలో నిలిచి ప్రపంచకప్‌కు బయలుదేరింది. ఆ గోల్ కొట్టిన రోజుకు అతడికి 32 ఏళ్ళు నిండి రెండు రోజులు.